రెండువందల పద్నాలుగో బిళ్ళ

తొండుపల్లి,
16 ఫిబ్రవరి 2012.

మరదలు సునీలకు వదిన జయశీల రాస్తున్నది. మీ అన్న మోకాళ్ళ నొప్పులు తప్ప ఇక్కడ అందరం ప్రభువు చల్లని చూపులో ఉన్నాం. షోలాపూర్‌లో నువ్వూ నీ పిల్లలూ అలాగే ఉన్నారనుకుంటున్నాను.

పోయిన నెల నువ్వు ఫోన్ చేస్తే మా వాడు కరుణ్ నా చెవి దగ్గర పెట్టాడు. గాలి వీచినట్టు వినబడింది, అంతే. నీకూ నా మాటలు సగమే అందాయని వాడే చెప్పాడు. మిల్లు మనిద్దరి చెవులూ తినేసింది కాబట్టి మనకు ఉత్తరాలే గతి. ఇక్కడ ఇళ్ళ మీదుగా విమానాలు పోతుంటే ఇరుగుపొరుగు వాళ్ళు తలనొప్పి అని గోల పెడతారు. నాకు అరమీద గిన్నెలు వణికితే తెలుస్తుంది, విమానం పోతోందని. చెవిటితనంలో అదొక్కటే లాభం.

అసలు సంగతికి వస్తాను. కాటేదాన్ అవతల మన మిల్లు ఉండేది కదా. దాన్ని పడగొట్టి గోదాములు కట్టారు గాని, మనం ఉన్న రెండో లైనులో నాలుగు క్వార్టర్లు మిగిలాయి. వాటిని బాగు చేసి మ్యూజియం పెట్టారు. మిల్లు మనుషులు ఎలా బతికారో అందులో చూపిస్తారట. మొన్న శనివారం మా చర్చి స్త్రీల సమాజం అంతా వ్యాను మాట్లాడుకుని పోయాం. గేటు దగ్గర టికెట్టు పది రూపాయలు. పదహారేళ్ళు వండి వార్చిన నా ఇంట్లోకి నేను టికెట్టు కొనుక్కుని పోయాను సునీలా.

లోపల అన్నీ ఉన్నాయి. కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, ఇత్తడి టిఫిన్ డబ్బా, ఎవరిదో రేషన్ కార్డు. పొయ్యి మాత్రం తప్పుగా పెట్టారు, వాకిలికి ఎదురుగా. "పొయ్యి గాడ లేకుండె బిడ్డా, గా మూలకుండె" అని అక్కడ అన్నీ చూపించే పిల్లకు చెప్పాను. ఆ పిల్ల నవ్వి, ముట్టుకోవద్దని చేత్తో సైగ చేసింది. నా పొయ్యిని నేను ముట్టుకోవద్దట.

పక్క గదిలో గోడ నిండా ఒకటే ఫోటో. దారం చుట్టే మిషను ముందు ఒక ఆడమనిషి, ముక్కూ నోరూ కొంగుతో కట్టుకుని, తెగిన దారాన్ని ముడివేస్తోంది. కింద ఇలా రాశారు: 'సునీల, బిళ్ళ నంబరు 214, 1975. మిల్లులో పేరు మోసిన పనిమంతురాలు.'

అందరూ నా చుట్టూ మూగారు. మీ మరదలే కదా, ఎంత అదృష్టం అన్నారు. చంద్రమ్మ అయితే నా భుజం పట్టుకుని ఊపేసింది, నేనేదో పండగ చేసుకోవాలన్నట్టు. నాకు కడుపు మండింది. దాచిపెట్టి తియ్యగా రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు.

మర్నాడు కరుణ్‌ను పంపి ఆ ఫోటోను సెల్లులో తీయించాను. శంషాబాద్‌లో ప్రింటు వేయించి ఇందులో పెడుతున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చూడు. చూశాక నీకేం కనబడిందో రాయి.

నీ వదిన,
జయశీల.


షోలాపూర్,
3 మార్చి 2012.

వదినకు సునీల వందనాలు. అన్నను చల్లనీళ్ళతో స్నానం చేయనివ్వకు. ఆయన మాట వినడు, నాకు తెలుసు, అయినా చెప్పు.

కవరు విప్పగానే ఫోటో ఒళ్ళో పడింది. నా కోడలు తీసుకుని కింద పేరు చదివి, "అత్తమ్మా, గిది నువ్వా?" అని అడిగింది. ఏడేళ్ళ నుంచి ఈ ఇంట్లో నేను మూలన చాప మీద కూర్చుని బీడీలు చుట్టే ముసలిదాన్ని. ఆ రోజు కోడలు లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేసింది. వదినా, నేను అబద్ధం చెప్పను, కూర్చోవాలంటే సిగ్గేసింది. ఇప్పుడు అలవాటైపోయింది. మా వాడలో అందరూ మగ్గాల వాళ్ళే, వాళ్ళకు దారం విలువ తెలుసు. వచ్చి ఫోటో చూసి పోతున్నారు. ఆదివారం పాస్టరు గారు ప్రకటనల్లో నా పేరు చెప్పి లేచి నిలబడమన్నారు.

నీకు కళ్ళు కుట్టాయని నీ ఉత్తరం చదువుతుంటేనే తెలిసింది. నిదానంగా చూడమని రాశావు. ఏం చూడాలి? మొహం కొంగులో ఉందనా? దూది పొట్టు ముక్కులోకి పోకుండా మిల్లులో అందరమూ కట్టుకునే వాళ్ళమే కదా. నువ్వు మా ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచీ ఇంతే. అమ్మ నాకు చీర కొంటే నువ్వు ఆ పూట అన్నం తినేదానివి కాదు. అడిగితే ఆకలి లేదనేదానివి. ఇద్దరికీ పళ్ళూడాయి, ఇంకా ఎందుకు వదినా?

ఇంకో మంచి కబురు. మ్యూజియం చూసుకునే నరేందర్ అనే ఆయన మా వాడి ఫోనుకు చేశాడు. నంబరు మన కరుణే ఇచ్చాడట. మే ఒకటో తారీఖున పాత కార్మికులకు సభ పెట్టి నాకు శాలువా కప్పుతారట. నేను మీ ఇంట్లోనే దిగుతాను. కింద పడుకుంటే లేవలేను, మంచం ఒకటి చూడు. అమ్మ బతికి ఉంటే ఎంత మురిసేదో అని రోజుకు నాలుగుసార్లు అనుకుంటున్నాను.

నీ మరదలు,
సునీల.


తొండుపల్లి,
15 మార్చి 2012.

సునీలకు,

మంచం సంగతి తర్వాత. ముందు ఆ ఫోటో మళ్ళీ తీసి చేతులు చూడు. ఆ ఆడమనిషి ఏ చేత్తో ముడివేస్తోంది? ఎడమ చేత్తో. మన ఇంట్లో ఎడమచేతి వాటం ఎవరిది? ఎడమ చేత్తో మంచినీళ్ళు ఇచ్చినందుకు మీ అమ్మ చెంబు విసిరికొట్టింది ఎవరి మీద?

1975 అని కూడా రాసి ఉంది. డెబ్భై నాలుగు క్రిస్మస్ నుంచి డెబ్భై ఆరు మార్చి దాకా నువ్వు టీబీ దవాఖానాలో ఉన్నావు. ఆ పదిహేను నెలలూ నీ బదులు పనికి పోయింది నేను. పనిలోకి రాకపోతే పేరు కొట్టేస్తారని అత్తమ్మ గేటు దగ్గర చూపించే నీ ఇత్తడి బిళ్ళ నా చేతిలో పెట్టింది. "కొంగు కట్టుకో. గేటు కాడ ఎవరని అడిగితే సునీల అని చెప్పు" అంది. అలాగే చెప్పాను. ఒకరి బిళ్ళ మీద ఇంకొకరు బద్లీకి పోవడం ఆ మిల్లులో ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే. దారం కండెలు నిండితే చాలు, ఎవరి మొహం ఎవరికి కావాలి?

నువ్వు తిరిగొచ్చాక బిళ్ళ నీకు ఇచ్చేశాను. తర్వాత కౌసల్యమ్మ కాన్పుకు ఆమె బిళ్ళ మీద పోయాను. ఈరమ్మ కాలు విరిగితే ఆమె బిళ్ళ మీద పోయాను. మొత్తం ఆరుగురి బిళ్ళల మీద తొమ్మిదేళ్ళు నిలబడ్డాను. నా పేరు మీద ఒక్క రోజు కూడా లేదు.

నిన్న ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి నరేందర్ దగ్గరికి పోయాను. కరుణ్ వయసు ఉంటుంది, నెమ్మదస్తుడు. నా చెవిలో అరిచి మాట్లాడాడు.

"గా ఫోటోల ఉన్నది నేను బిడ్డా. మా మర్దలు కాదు" అన్నాను.

"మిల్లు రిజిస్టర్ల సునీల అని ఉన్నదమ్మా."

"రిజిస్టర్ల బిళ్ళ ఎవరిదో గది ఉంటది. చేసినోళ్ళు ఉండరు. బద్లీ అంటె గంతే."

పాపం మూడు పాత రిజిస్టర్లు ముందు వేసుకుని వేలు పెట్టి చూశాడు. "జయశీల అన్న పేరు ఏడ లేదమ్మా. నేనెట్ల మార్చాలె? సునీలమ్మనే గిది మా వదినె ఫోటో అని ఒక చీటీ రాసిస్తె రేపే మారుస్త" అన్నాడు.

కాబట్టి సంగతి నీ చేతిలో ఉంది. మిల్లు నా చెవులు తీసుకుంది. అక్కడ ఒక్క చోటైనా నా పేరు ఉండాలి అని నాకు ఉంది. ఈ వయసులో ఇదేం కోరిక అని నవ్వుకుంటే నవ్వుకో. శాలువా నువ్వే కప్పించుకో, సభలో కుర్చీ నువ్వే తీసుకో. నాలుగు ముక్కలు రాసి పంపు.

జయశీల.


షోలాపూర్,
2 ఏప్రిల్ 2012.

వదినకు,

జవాబు రాయకూడదనే అనుకున్నాను. రాయకపోతే ఒప్పుకున్నానని అనుకుంటావని రాస్తున్నాను.

ముడి నాకు ఏ చేత్తోనైనా వచ్చు. పైగా ప్రింటు వేసేటప్పుడు కుడి ఎడమలు తారుమారు అవుతాయని మా వాడు చెప్పాడు. 1975 అన్నది వాళ్ళు అంచనాగా వేసి ఉంటారు. ఆ ఫోటో నేను జబ్బు పడక ముందు తీసింది. నాకు బాగా గుర్తుంది.

నా బిళ్ళ మీద నువ్వు పని చేశావు, కాదనను. ఊరికే చేయలేదు కదా. ఆ జీతంతో ఇల్లు గడిచింది, నీ పిల్లలు పాలు తాగారు. నేను ఆ పదిహేను నెలలు దవాఖానాలో గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎవరి కష్టం ఎక్కువో దేవుడు లెక్క చూసుకుంటాడు, నువ్వు చూడనక్కర్లేదు.

నీకు ఏం తక్కువ చెప్పు. నీ పక్కన అన్న ఉన్నాడు. నా ఆయన పోయి పన్నెండేళ్ళు. నీ కొడుకు ఎయిర్‌పోర్టులో యూనిఫాం వేసుకుని నౌకరీ చేస్తున్నాడు, నా కొడుకు ఇంకొకరి మగ్గం నడుపుతున్నాడు. నీకు సొంత ఇల్లు ఉంది. నీ కోడలు నువ్వు పిలిస్తే పలుకుతుందని కరుణ్ పెళ్ళి నాడే చూశాను, ఇంటికొచ్చి ఏడ్చాను. ఇన్ని ఉన్నదానివి, నాకు దొరికిన ఒక్క ఫోటో మీద కన్నేశావు. నాకు నీ మీద అసూయ లేదనుకున్నావా? నీకు చెప్పుకునే తీరు తెలుసు, నాకు తెలియదు, అంతే తేడా.

పాస్టరు గారికీ వాడకట్టుకూ అది నేనేనని చెప్పేశాను. కోడలు వేసిన కుర్చీలోంచి నన్ను లేపకు. చీటీ రాయను.

సునీల.


తొండుపల్లి,
14 ఏప్రిల్ 2012.

సునీలకు,

నీ ఉత్తరం మీ అన్న కూడా చదివాడు. "ఒక బొమ్మ కోసం ఆడోళ్ళ లొల్లి. గింత పరేషాన్ ఎందుకు?" అన్నాడు. ఆయనకేం, ఇరవై ఐదేళ్ళు తన బిళ్ళ మీద, తన పేరు మీద పని చేశాడు. మ్యూజియంలో జ్ఞానదాసు అన్న పేరు మూడు చోట్ల ఉంది. ఒకసారి పోయి చూసిరా అంటే, చూసేదేముంది అని పడుకున్నాడు. కడుపు నిండినవాడికి గారెలు చేదు.

కుడి ఎడమలు తారుమారయ్యాయని రాశావు. అలా అయితే ఆమె వెనక గోడ గడియారంలో అంకెలు కూడా తిరగబడాలి. సరిగ్గానే ఉన్నాయి. నువ్వూ చూసే ఉంటావు.

ఇంక అడగను. నువ్వు రా. నవారు మంచం బిగించి ఎండలో వేశాను. రావిర్యాల నుంచి మా తమ్ముడు చింతచిగురు పంపుతానన్నాడు, మాంసంలో వేసి వండుతాను. సభకు మాత్రం నేను రాను. నీకు శాలువా కప్పుతుంటే చప్పట్లు కొట్టేంత మంచితనం నాలో లేదు. వారం రోజులుగా మోకరిస్తే ప్రార్థన రావడం లేదు, గోడ మీద నీ పేరే కనబడుతోంది. అసూయ పాపమని అరవై ఏళ్ళుగా వింటున్నాను. వినడం వేరు, పోగొట్టుకోవడం వేరు.

బండి దిగాక కదలకుండా అక్కడే ఉండు, కరుణ్ వస్తాడు.

జయశీల.


షోలాపూర్,
7 మే 2012.

వదినకు సునీల రాస్తున్నది.

మూడు రోజులు ఉంటానని వచ్చి సభ అయిన మర్నాడే రైలెక్కాను. ఎందుకని నువ్వు అడగలేదు. లేచి రొట్టెలు చేసి సంచిలో పెట్టావు. నాలుగు మాటలు తిట్టి ఉంటే నాకు సులువయ్యేది.

సభలో జరిగింది నీకు ఎవరూ చెప్పి ఉండరు. కరుణ్ బయట బండి దగ్గరే ఉన్నాడు, నాతో వచ్చిన అన్నకు కుర్చీలోనే కునుకు పట్టింది. శాలువా కప్పారు. జాబరు మొగులయ్య వచ్చాడు, అదే, మన వరస మిషన్ల మీద మేస్త్రీగా ఉండేవాడు. ఎనభై దాటాయి, కోడలు పట్టుకుని నడిపించింది. నన్ను మైకు పక్కనే కూర్చోబెట్టారు కాబట్టి ఆయన మాట ప్రతిదీ వినబడింది.

"డెబ్భై అయిదుల గీ సునీల చెయ్యి చూడాలె. యాడాదంత కండె ఖరాబ్ కానియ్యలె. అటెన్క ఏమైందో ఏమో, గా చెయ్యి మల్ల రాలె" అన్నాడు. జనం నవ్వి చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను.

ఆ మాట నాకు కొత్త కాదు వదినా. డెబ్భై ఆరులో నేను దవాఖాన నుంచి వచ్చి మిషను ముందు నిలబడిన మొదటి వారమే ఆయన అరిచాడు. "ఏమైంది సునీలా? పోయిన యాడాది మంచిగ చేస్తుంటివి, గిప్పుడు చేతులకు ఏమొచ్చింది?" ఆయన కండెలే చూసేవాడు, కొంగు వెనక ఎవరున్నారో ఎప్పుడూ చూడలేదు. నా పేరుతో నువ్వు నాకంటే మంచిగా పని చేసి పోయావు. ఆ తర్వాత పదేళ్ళు నన్ను నాతోనే పోల్చి తిట్టారు. చచ్చి బతికి వచ్చినదాన్ని, వచ్చేసరికి నా జాగా నాకు సరిపోలేదు. నిన్ను చూస్తే ఒళ్ళు మండేది. నీకు ఎందుకో తెలియదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు చెప్తాను. నేను దవాఖాన నుంచి వచ్చిన ఆ ఏడే నీకు సొంత బిళ్ళ ఇప్పించమని అమ్మ మొగులయ్యను అడిగింది, గుర్తుందా? ఆయన సరే అన్నాడు. తర్వాత వారం కొత్త వాళ్ళను తీసుకోవడం లేదన్నాడు. మధ్యలో ఆయన దగ్గరికి పోయింది నేను. "మా వదినెకు ఎడమ చెయ్యి, మిషను మీద పనికి రాదు" అని చెప్పాను. ఎడమ చేత్తో పదిహేను నెలలు ఆయన ముందే పని చేసింది నువ్వేనని ఆయనకు తెలియదు, కాబట్టి నమ్మాడు. నీకు పేరు లేకుండా చేసింది రిజిస్టరు కాదు. ఇది అమ్మకు కూడా చెప్పలేదు.

సభ అయ్యాక పాత మిషను దగ్గరికి తీసుకుపోయి ఒక ముడి వేసి చూపించమన్నారు. వేశాను, కుడి చేత్తో. ఆ చూపించే పిల్ల నా చేతులు చూసింది, గోడమీద ఫోటో చూసింది, మళ్ళీ నా చేతులు చూసింది. ఆ తర్వాత మీ ఇంట్లో నీ ఎదుట కూర్చోవాలంటే నాకు మొహం చెల్లలేదు.

ఇందులో నరేందర్‌కు చీటీ పెట్టాను. ఆ ఫోటోలో ఉన్నది నువ్వేనని స్పష్టంగా రాసి సంతకం చేశాను. నేరుగా ఆయనకే పంపుదామని రెండుసార్లు పోస్టు డబ్బా దాకా పోయి వెనక్కి వచ్చాను. కోడలు మళ్ళీ చాప పరుస్తుందని ఒక భయం. నువ్వు గెలిచావని ఒక మంట. నా చేత్తో వేయలేకపోతున్నాను. నా బదులు నువ్వు చాలా చేశావు, ఇదొక్కటి కూడా నువ్వే చెయ్యి. చింపేయాలనిపిస్తే చింపెయ్యి, నేను అడగను.

సునీల.


తొండుపల్లి,
28 మే 2012.

సునీలకు,

నీ ఉత్తరం పదకొండో తారీఖు శుక్రవారం అందింది. మూడు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. బిళ్ళ రాకుండా చేసింది మొగులయ్యేనని ఇన్నేళ్ళూ ఆయన్ను తిట్టుకున్నాను. ఒకసారి బజారులో ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయాను కూడా. ఆ తిట్లన్నీ ఇప్పుడు నీ వైపు తిప్పాలంటే అలవాటు లేక తికమకగా ఉంది. నిన్ను క్షమించానని రాయమని మీ అన్న పక్కన కూర్చుని చెప్తున్నాడు. ఇంకా నా చేతికి రావడం లేదు. వచ్చిన రోజు రాస్తాను, రాకముందే రాస్తే నువ్వే నమ్మవు.

మా వదిన మెత్తనిది, చీటీ చింపేస్తుంది అని నీ మనసులో ఒక మూల ఉండే ఉంటుంది. చింపలేదు. నీ కోడలి సంగతి ఆలోచించాను, నీ చాప సంగతి కూడా ఆలోచించాను. ఆలోచించే సోమవారం పొద్దున్న పోయి నరేందర్ చేతిలో పెట్టాను. ఇచ్చేటప్పుడు నాకు జాలి వేయలేదు. ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు వేసింది, అప్పటికి ఇచ్చేశాను.

ఆయన చదివి లేచి నిలబడ్డాడు. మొన్న శనివారం కొత్త పలక పెట్టారు. 'జయశీల. మరదలు సునీల జబ్బు పడినప్పుడు ఆమె బిళ్ళ మీద బద్లీగా పదిహేను నెలలు పని చేసింది.' నీ పేరు తీసేయాలా అని అడిగాడు, ఉంచమన్నాను. నీ మీద ప్రేమతో అనుకోకు. జరిగింది అదే కాబట్టి ఉంచమన్నాను. మీ వాడకట్టు వాళ్ళు అడిగితే ఆ పలకలో నీ పేరు కూడా ఉందని చెప్పు, అది అబద్ధం కాదు. నీ కోడలికి ఏం చెప్పాలో నువ్వే చూసుకో. మరీ కష్టమైతే ఇక్కడికి వచ్చి నెల రోజులు ఉండు. మంచం విప్పలేదు.

నిన్న ఆరాధన అయ్యాక ఒక్కదాన్నే పోయాను. ఎవరో కుటుంబం వచ్చారు, పట్నం వాళ్ళ లాగున్నారు. వాళ్ళలో పెద్దావిడ పలక మొత్తం చదివింది. పక్కన నేను తప్ప ఎవరూ లేరు, నా వైపు తిరిగి పేరు మీద వేలు పెట్టి ఏదో అడిగింది. వినబడలేదు గాని పెదాలు చూస్తే తెలిసింది, ఈవిడెవరో మీకు తెలుసా అంటోంది.

ఆ గేటు లోపల ఎవరని అడిగితే నా నోటికి మొదట నీ పేరే వచ్చింది. మింగేశాను. "నేనే" అన్నాను.

నీ వదిన,
జయశీల.